కోపం ఆపుకోలేకే కొట్టాడా? ఇంట్లో హింస, మనసు, పరిశోధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వేలు చేశాను. తర్వాత భార్యాభర్తల గొడవలు వినే కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నాను. రెండు చోట్లా జనం నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇవి. పరిశోధనల్లో తేలినదాన్ని, నేను కళ్లారా చూసినదాన్ని కలిపి జవాబులు రాశాను.

అసలు హింస అంటే ఏమిటి? ఒక చెంపదెబ్బ కూడా హింసేనా?

అవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో హింస మీద ఒక పెద్ద నివేదిక వేసింది. మనిషి తనకు తాను చేసుకునేది, ఒకరు మరొకరికి చేసేది, గుంపులు, రాజ్యాలు చేసేది అని హింసను అందులో మూడు రకాలుగా చూశారు. దెబ్బలే కాదు, బెదిరించడం, మనసు విరిచేయడం, కావాలని తిండీ డబ్బూ ఇవ్వకుండా ఉంచడం కూడా లెక్కలోకి వస్తాయి. మన గృహహింస చట్టం (2005) కూడా శారీరక, లైంగిక, మాటల, ఆర్థిక హింసలన్నిటినీ కలిపే చెబుతుంది.

మన భాషలో దీనికి మెత్తటి మాటలు చాలా ఉన్నాయి. ‘చేయి చేసుకున్నాడు’, ‘రెండు తగిలించాడు’, ‘కాస్త దూకుడు మనిషి’ అంటాం. ఆ మాటల వెనక ఏం జరిగిందో విడమరిచి అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంటి గుట్టు ఎవరూ బయటపెట్టరు కదా, మరి ఈ లెక్కలన్నీ ఎక్కడి నుంచి వస్తాయి?

పోలీసు కేసుల నుంచి వచ్చే లెక్క చాలా చిన్నది. దేశం మొత్తానికి నమ్మదగ్గ ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. అందులో ‘మీ ఆయన మిమ్మల్ని హింసిస్తాడా?’ అని అడగరు. అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారు. నెట్టాడా, ఏదైనా విసిరాడా, చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలితిప్పాడా, జుట్టు పట్టి లాగాడా, కాలితో తన్నాడా, గొంతు నులిమాడా, కత్తి చూపించి బెదిరించాడా అని ఒక్కొక్క పనీ విడిగా అడుగుతారు. అమెరికా సమాజ శాస్త్రవేత్త మరే స్ట్రాస్ 1979లో ప్రచురించిన కొలమానమే దీనికి మూలం.

ఒక పని గురించి అడిగేటప్పుడు ఏం జరుగుతుందో నేను చూశాను. ఎండాకాలం మధ్యాహ్నం, వసారాలో ఒకమ్మాయి చింతపండులో గింజలు తీస్తోంది. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అంటే ‘ఏం లేవక్కా, బాగానే చూసుకుంటాడు’ అంది. జుట్టు పట్టి లాగడం గురించి అడిగేసరికి చేతిలో పండు అలాగే ఉండిపోయింది. ‘అది కూడా రాసుకుంటారా? కోపం వస్తే అందరూ చేసేదేగా’ అంది. అంతలో అత్తగారు వచ్చి గడప మీద కూర్చుంది. నేను కాగితం తిప్పేసి, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని అడగడం మొదలుపెట్టాను. అలా చేయమని మాకు ముందే శిక్షణ ఇస్తారు. ఇలాంటి సర్వేలో ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు, పక్కన ఎవరూ లేకపోతేనే ఈ ప్రశ్నలు అడుగుతారు, ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేస్తారు. మనం వేసిన ప్రశ్న వల్ల ఆ రాత్రి ఆమె ఇంకో దెబ్బ తినకూడదు. సర్వే నియమాల్లో అన్నిటికంటే పెద్దది అదే.

అందుకే ఈ సర్వేల్లో వచ్చే అంకె అసలు కంటే తక్కువే ఉంటుంది గానీ ఎక్కువ ఉండదని నా నమ్మకం.

మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి ఎలా ఉంది?

2019–21 సర్వే ప్రకారం 18–49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లు దేశం మొత్తం మీద 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. ఇక్కడ ఆ సర్వే కరోనా రాకముందే, 2019లోనే జరిగింది. 2015–16లో రెండు రాష్ట్రాల్లోనూ అంకె 40 దాటి ఉండేది కాబట్టి తగ్గిందనే చెప్పాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో అంకె. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇల్లూ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట బాగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అదే సర్వేలో అడిగారు. రెండు రాష్ట్రాల్లోనూ 84 శాతం దాకా ఆడవాళ్లు కనీసం ఒక కారణానికి ‘సబబే’ అన్నారు. సబబే అన్న మగవాళ్ల శాతం వాళ్లకంటే తక్కువ. ఆడవాళ్లకు దెబ్బలు తినడం ఇష్టమని దీనర్థం కాదు. ఊరంతా న్యాయమనుకునే దాన్ని ఒక్కత్తే అన్యాయం అనుకుంటూ రోజూ బతకడం ఎంత కష్టమో ఆలోచించండి.

మా ఆయనకు కోపం వస్తే ఒళ్లు తెలియదు. ఇది మానసిక జబ్బా? డాక్టర్‌కి చూపిస్తే నయమవుతుందా?

కౌన్సెలింగ్ గదిలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఇదే. జవాబు చెప్పే ముందు నేను మూడు నాలుగు సంగతులు అడిగేదాన్ని. అప్పిచ్చిన షావుకారు నలుగురిలో నిలదీసినప్పుడు ఆయన చెయ్యి లేస్తుందా? ఆఫీసులో పైవాడు తిడితే? బండి ఆపిన ఎస్సై మీద? లేవదు. అక్కడ చేతులు కట్టుకుని ‘సార్, సార్’ అంటాడు. ఇంటికొచ్చి తలుపు వేశాక కొడతాడు. చీర కొంగు కింద దాగే చోట కొడతాడు. విసిరి పగలగొట్టేది ఆమె ఫోనే, తన ఫోన్ కాదు. చుట్టాలు గుమ్మంలోకి రాగానే నవ్వుతూ మంచినీళ్లిస్తాడు. ఒళ్లు తెలియని మనిషికి ఇంత లెక్క ఎలా తెలుస్తుంది?

కోపం నిజమే. ఆ కోపాన్ని ఎవరి మీద తీర్చుకోవచ్చో ఎవరి మీద తీర్చుకోకూడదో మనిషి చిన్నప్పటి నుంచీ చూసి నేర్చుకుంటాడు. కొట్టినా తనకేమీ కాదన్న ధీమా ఉన్నచోట చెయ్యి లేస్తుంది. హింస మీద జరిగిన పరిశోధనలన్నిటిలో నాకు ముఖ్యంగా అర్థమైంది ఇదే.

కష్టాలకు, మనసుకు ఇందులో పాత్ర లేదని కాదు. పంట పోవడం, ఉద్యోగం ఊడటం, అప్పులు, నిద్ర లేకపోవడం, గుర్తించని డిప్రెషన్ ఇవన్నీ ఇంట్లో టెన్షన్ పెంచుతాయి. హింసకు ఒక్క కారణమంటూ ఉండదని, మనిషి స్వభావం, దగ్గరి బంధాలు, చుట్టూ ఉన్న వాడ, పై సమాజం అనే నాలుగు పొరలూ కలిసి పనిచేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక కూడా చెప్పింది. కాబట్టి నిజంగా అనారోగ్య లక్షణాలుంటే డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. కానీ ‘జబ్బు మనిషి, ఏం చేస్తాం’ అని సరిపెట్టుకుని దెబ్బలు భరించవద్దు. జబ్బుకు మందు వాడటం వేరు, కొట్టినందుకు జవాబు చెప్పడం వేరు. ఆ మనిషి రెండూ చేయాలి.

మతిస్థిమితం లేనివాళ్లు ప్రమాదకరం అంటారు. నిజమేనా?

చాలా వరకు అపోహ. అమెరికాలో మూడు ఊళ్లలోని మానసిక ఆసుపత్రుల నుంచి ఇంటికి పంపించిన 1,136 మందిని ఒక ఏడాది పాటు గమనించారు. పిట్స్‌బర్గ్‌లో వాళ్ల ఇరుగుపొరుగు 519 మందితో పోల్చి చూశారు. 1998లో ఫలితాలు వచ్చాయి. మద్యం, మత్తుమందుల అలవాటు లేని రోగులు చేసిన హింస, అవి ముట్టని ఇరుగుపొరుగు వాళ్లు చేసినదానికంటే ఎక్కువేమీ లేదు. మత్తు అలవాటు తోడైతే మాత్రం ఇద్దరిలోనూ హింస పెరిగింది, రోగుల్లో ఆ అలవాటు ఎక్కువమందికి ఉంది. వైద్యం అందని తీవ్రమైన జబ్బులు కొన్నిటిలో, ఎవరో తనను చంపడానికి వస్తున్నారన్న భ్రమ ఉన్నప్పుడు ప్రమాదం కొంత పెరుగుతుంది. సమాజంలో జరిగే మొత్తం హింసలో ఇలాంటిది చిన్న భాగమే.

దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు షెడ్డుకు నిప్పంటుకుంటే పరుగెత్తలేక 28 మంది చనిపోయారు. ‘పిచ్చోడు, ఏం చేస్తాడో’ అని భయపడే మనం, ఆ మనిషికి మనం ఏం చేశామో కూడా గుర్తు పెట్టుకోవాలి.

తాగుడు మానేస్తే కొట్టడం మానేస్తాడా?

కొంతమంది మానేస్తారు, అందరూ మానరు. తాగుడికీ హింసకూ సంబంధం బలంగా ఉంది. అదే జాతీయ సర్వేలో, భర్త తరచుగా తాగి తూలే ఇళ్లలో 70 శాతం మంది స్త్రీలు శారీరక లేదా లైంగిక హింసను చెప్పారు. భర్త అసలు తాగని ఇళ్లలో అది 23 శాతం. ఇందులో రెండో అంకెను జనం పట్టించుకోరు. చుక్క ముట్టని మగవాళ్ల ఇళ్లలోనూ దాదాపు నాలుగో వంతు మంది హింస అనుభవించారు.

తాగుడికీ దెబ్బలకూ ఉన్న సంబంధాన్ని మనకు పరిశోధకులకంటే ముందు నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చెప్పారు. 1990 తర్వాత అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన కూలి తల్లులు అక్షరాలతో పాటు సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఉద్యమం జిల్లాను దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. నిషేధం నిలిచిందా లేదా అన్న వాదన ఎలా ఉన్నా, ‘మా ఇంట్లో దెబ్బలు’ అని ఎవరికి వారు దాచుకున్న మాటను ‘మా ఊళ్లో దెబ్బలు’ అని పదిమంది కలిసి అనగలిగారు. నాకు అందులో గొప్పగా కనిపించేది అదే.

చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడు పెద్దయ్యాక తప్పకుండా కొడతాడా?

తప్పకుండా ఏమీ కాదు. ఈ మాట వల్ల ఎంతోమంది పిల్లలు ‘నేను కూడా నాన్నలా అవుతానేమో’ అని లోలోపల నలిగిపోతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు అమెరికాలో, చిన్నతనంలో కొట్టబడ్డారని గానీ నిర్లక్ష్యానికి గురయ్యారని గానీ కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, వాళ్లకు సరిజోడుగా ఎంచిన 667 మందిని పోల్చి 1989లో ప్రచురించారు. 18 ఏళ్లు నిండేలోపు అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 17 శాతం. తేడా ఉంది, నిజమే. కానీ మొదటి గుంపులో 74 శాతం మందికి ఆ వయసులో అరెస్టు లేదు. చిన్ననాటి దెబ్బలు రిస్క్ పెంచుతాయి, నుదుటి రాత మాత్రం రాయవు. ఆ కష్టంలో పిల్లవాడి పక్షాన నిలిచిన ఒక్క పెద్ద మనిషి ఉన్నా దారి మారుతుంది. అమ్మమ్మో, మేనమామో, బడిలో ఒక టీచరో అయినా చాలు.

పిల్లల్ని దారిలో పెట్టడానికి రెండు వేయకపోతే ఎలా? మొక్కై వంగనిది మానై వంగునా అంటారుగా?

వంచడానికి బెత్తం అక్కర్లేదు. యాభై ఏళ్లలో వచ్చిన 75 పరిశోధనలను, లక్షా అరవై వేలమంది పిల్లల వివరాలను కలిపి 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ లెక్కగట్టారు. దెబ్బలు తిన్న పిల్లల్లో మాట వినడం పెరగలేదు. మొండితనం, దూకుడు, దిగులు ఎక్కువ కనిపించాయి. మన విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ కూడా బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది.

దెబ్బలు తిన్న మనిషి మనసుకు ఏమవుతుంది?

మానసిక ఆరోగ్యం అనగానే అందరూ కొట్టినవాడి మనసు గురించి అడుగుతారు. అసలు అడగాల్సింది ఇది. భర్త లేదా భాగస్వామి చేతిలో హింస అనుభవించిన స్త్రీలకు డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదిక తేల్చింది. నిద్ర పట్టదు, పట్టినా ఉలిక్కిపడి లేస్తారు. గేటు చప్పుడైతే గుండె దడ. ఇవి పిరికితనం కాదు, ప్రమాదంలో బతికే శరీరం ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది.

మన దగ్గర ఆడవాళ్లు ‘మనసు బాలేదు’ అని ఆసుపత్రికి రారు. తలనొప్పి, ఒళ్లంతా మంటలు, కడుపులో నొప్పి, ఆయాసం అని వస్తారు. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ నార్మల్ వస్తాయి. చేతికి కట్టు కట్టించుకోవడానికి ఒకామెతో నేను ఆసుపత్రికి వెళ్లాను. ఆమె నోరు తెరవకముందే భర్త ‘మెట్ల మీద జారింది’ అన్నాడు, చీటీలో అదే రాశారు. ఆయన్ను కాసేపు బయట కూర్చోమనే పని ఎవరూ చేయలేదు. ఆ ఒక్క నిమిషం ఏకాంతం ఇచ్చి ఉంటే ఆమె ఏం చెప్పేదోనని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

ఇంట్లో గొడవలు చూస్తూ పెరిగే పిల్లలకు దెబ్బ తగలకపోయినా దెబ్బే. పక్క తడపడం మళ్లీ మొదలవడం, చదువులో వెనకబడటం, మాటామంతీ తగ్గిపోవడం గమనించండి.

అంత బాధ ఉంటే వదిలి రావచ్చుగా?

ఎక్కడికి రావాలి? పుట్టింట్లో చెల్లి పెళ్లి కావాలి. చేతిలో డబ్బు లేదు, ఇల్లు ఆయన పేరున ఉంది, పిల్లల బడి ఇక్కడే. ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు’ అనే సామెత మన భాషలోనే ఉంది. దెబ్బకంటే నలుగురిలో చులకనవడం ఎక్కువ బాధ అని ఆ సామెతకు ముందే తెలుసు. 2019–21 సర్వేలో హింస అనుభవించినవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతమే. 77 శాతం మంది ఎవరికీ చెప్పనైనా చెప్పలేదు.

ఇంకో కారణం ప్రాణభయం. వదిలి వెళ్తానన్నప్పుడు, వెళ్లిన కొత్తలో ప్రమాదం పెరుగుతుందని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. ‘ఇప్పుడే వచ్చేయ్’ అని తొందరపెట్టకండి. ఎప్పుడు, ఎలా రావడం క్షేమమో ఆమెకు మనకంటే బాగా తెలుసు.

మగవాళ్లు బాధితులు కారా?

అవుతారు. ఐక్యరాజ్య సమితి 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్లలో 81 శాతం మగవాళ్లే. చంపినట్టు అనుమానించినవాళ్లలోనూ 90 శాతం దాకా మగవాళ్లే. తేడా ఎక్కడంటే, మగవాళ్లను చంపేది ఎక్కువగా బయటివాళ్లు. 2017లో హత్యకు గురైన 87,000 మంది స్త్రీలలో 58 శాతం మంది భాగస్వామి లేదా కుటుంబ సభ్యుల చేతిలోనే చనిపోయారు. ఇంట్లో దెబ్బలు తినే మగవాళ్లు నవ్వుతారన్న సిగ్గుతో అసలే చెప్పుకోరు. ఎవరైనా చెబితే దయచేసి నవ్వకండి.

హింస తగ్గించవచ్చని ఎక్కడైనా రుజువైందా?

అయింది. ఉగాండా రాజధాని కంపాలాలో ‘సాసా’ అనే కార్యక్రమం నడిపారు. స్వాహిలీలో ఆ మాటకు ‘ఇప్పుడు’ అని అర్థం. టీకొట్టు దగ్గర, ఆరోగ్య కేంద్రంలో, ఆ వాడల్లోని మామూలు మనుషులే శిక్షణ తీసుకుని ఇరుగుపొరుగుతో మాట్లాడారు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది అన్నది అక్కడి చర్చ. 2014లో వచ్చిన ఫలితాల్లో, కార్యక్రమం నడిచిన వాడల్లో అంతకుముందు ఏడాదిలో స్త్రీలపై భాగస్వామి చేసిన శారీరక హింస, నడవని వాడలకంటే 52 శాతం తక్కువగా ఉంది. ఊరి ఆమోదం కదిలితే చెయ్యి కూడా దిగుతుందని దీన్ని చూసే నాకు నమ్మకం కుదిరింది.

మన దేశంలో గోవా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్ ఇప్పించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్ తగ్గింది, దాంతో పాటు ఆ కౌన్సెలింగ్ పొందిన స్త్రీలపై భర్తల శారీరక హింస కూడా తక్కువగా నమోదైంది. లైబీరియాలోని మన్రోవియాలో నేరాల బాటలో ఉన్న 999 మంది యువకులపై జరిగిన ప్రయోగంలో ఎనిమిది వారాల కౌన్సెలింగ్‌తో పాటు 200 డాలర్లు అందుకున్నవాళ్లలో నేరాలు, దూకుడు తగ్గాయి, పదేళ్ల తర్వాత చూసినా ఆ తగ్గుదల నిలిచే ఉంది. ఆశ వదులుకోవాల్సిన పని లేదని చెప్పడానికే ఇవన్నీ రాశాను.

నా స్నేహితురాలు తన ఇంటి సంగతి చెప్పింది. నేనేం చేయాలి?

ముందు వినండి. ‘నువ్వేం అన్నావు?’ అని అడగవద్దు. ‘నీ తప్పు లేదు, నిన్ను నమ్ముతున్నాను’ అనండి. ఆయన్ను పిలిపించి నేను మాట్లాడతాను అని బయల్దేరకండి, ఆ కోపం కూడా ఆమె మీదే పడుతుంది. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల జిరాక్స్ కాపీలు, కొంచెం డబ్బు మీ ఇంట్లో దాచుకోమని చెప్పవచ్చు. ఫోన్‌లో ఏ పేరుతో మెసేజ్ చేయాలో, ఏ మాట పంపితే మీరు వెంటనే రావాలో ఇద్దరూ ముందే అనుకోండి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రాణాపాయం ఉంటే 112. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజుల వసతి ఒకే చోట దొరుకుతాయి. గృహహింస చట్టం కింద రక్షణాధికారి దగ్గర ఫిర్యాదు రాయిస్తే, కొట్టకుండా ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు కోర్టు ద్వారా అడగవచ్చు. దీనికోసం విడాకులు తీసుకోనక్కర్లేదు.

మనసు బాగోలేకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. కోపం, తాగుడు తన చేతిలో లేకుండా పోతున్నాయని భయపడుతున్న మగవాళ్లు కూడా ఇదే నంబరుకు చేయవచ్చు. ఇంట్లో ఫోన్ చూస్తారన్న భయం ఉంటే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి గానీ, ఆశా కార్యకర్త ఫోన్ నుంచి గానీ చేయండి. మాట్లాడాక నంబరు తీసేయడం మర్చిపోవద్దు.